అయిదుగురి శాంపిల్స్ కలిపి ఒకే టెస్ట్ చేశారు. నాది అందులో దాక్కుందా? తెలిసినవాళ్లు చెప్పండి

బాహుదా ఒడ్డు (గంజాం జిల్లా)

అందరికీ నమస్కారం. ఇది 2020 నాటి విషయం. ఇన్నేళ్ల తర్వాత ఎందుకు అడుగుతున్నానో చివర్లో చెబుతాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది సోనాపూర్ పక్కన చిన్న ఊరు. బాహుదా నది సముద్రంలో కలిసేది అక్కడే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. వేట మీద బతకలేక నేను సూరత్ వెళ్లి పవర్‌లూమ్‌లో చేరాను. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. ఒక గదిలో పదకొండు మందిమి, చేతిలో డబ్బుల్లేవు. శ్రామిక్ రైళ్లు వేశాక మే 5న జగన్నాథపూర్ స్టేషన్‌లో దిగాను. అక్కడి నుంచి బస్సులో నేరుగా మా పంచాయతీ హైస్కూల్‌కి తీసుకెళ్లారు. దాన్ని టీఎంసీ అనేవాళ్లు, టెంపరరీ మెడికల్ సెంటర్. ఆ రోజుల్లో ఒడిశాలో సర్పంచ్‌లకి కలెక్టర్ అధికారాలు ఇచ్చారు, గేటు దాటడం కుదిరే పని కాదు. అమ్మ రోజూ సాయంత్రం రోడ్డుకి అవతల నిలబడి నన్ను చూసి వెళ్లేది. ఎండుచేపల పులుసు టిఫిన్‌లో పెట్టి వార్డు మెంబరు చేతికిచ్చి పంపేది.

11వ తేదీన బరంపురం నుంచి వచ్చినవాళ్లు ముక్కులో, గొంతులో పుల్ల పెట్టి శాంపిల్ తీశారు. వరండాలో వరసగా నిలబెట్టారు. నా ముందు ఇద్దరు, వెనక ఇద్దరు మా గదివాళ్లే. తీస్తున్నాయన, "మీ అయిదుగురివీ కలిపి ఒకటే టెస్ట్ చేస్తారు" అన్నాడు. మాకు అర్థం కాలేదు, అడిగే ధైర్యమూ లేదు. 13న మాకు నెగిటివ్ అని చెప్పారు. పక్క గది అయిదుగురికి మాత్రం ఆ రోజు ఏమీ చెప్పలేదు. మర్నాడు అంబులెన్స్ వచ్చి వాళ్లలో ఇద్దరిని తీసుకెళ్లింది. ఒకడికి వస్తే అయిదుగురికీ రాసేస్తారని పుకారు లేచింది. మిగిలిన ముగ్గురి దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. భోజనం పళ్లెం నేల మీద పెట్టి కాలితో తోసినవాళ్లను నా కళ్లతో చూశాను.

ఆ తర్వాత నాకు ఇంకో టెస్ట్ చేయలేదు. 21 రోజులు అయ్యాక మే 26న ఇంటికి పంపారు. మరో వారం వేరుగా ఉండమంటే వసారాలో పడుకున్నాను. నాకు జ్వరం లేదు, దగ్గు లేదు. జూన్ 9న అమ్మకి జ్వరం వచ్చింది. 11న పాజిటివ్ అన్నారు. 17న బరంపురంలో ఆసుపత్రిలో పోయింది. 58 ఏళ్లు.

ఇక ఇప్పుడు ఎందుకంటే, మా మేనకోడలు బరంపురంలో డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, చదువుతోంది. పోయిన నెల సెలవులకి వచ్చి నోట్స్ పైకి చదువుకుంటుంటే పూల్ టెస్టింగ్ అన్న మాట వినబడింది. అదేమిటని అడిగాను. శాంపిల్స్ కలిపితే పలచబడతాయి, వైరస్ తక్కువగా ఉన్నవాళ్లు తప్పిపోవచ్చు అని చదివి వినిపించింది. నాకు కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ఆ పిల్లకి వాళ్ల అమ్మమ్మ సంగతి తట్టలేదు, దాని తప్పు లేదు.

నా ప్రశ్న ఇదే. ఆ రోజు నా ఒక్కడిదే విడిగా చేసి ఉంటే పాజిటివ్ వచ్చేదా? నలుగురి నెగిటివ్‌లో నాది కలిసిపోయిందా? జబ్బుని నేనే ఇంటికి తెచ్చానా? నన్ను ఊరడించడానికి చెప్పొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పర్లాకిమిడి వాసి

అన్నా, అమ్మగారి సంగతి చదివి చాలా బాధ కలిగింది. నా మాట సూటిగా చెబుతాను. కలిపి చేయడం కిట్లు మిగుల్చుకోవడానికే. రైళ్లలో వచ్చిన కూలీలకి కలిపి చేశారు, డబ్బు కట్టగలిగినవాళ్లకి విడిగా చేశారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తారు. మనుషుల్ని కూడా అలా చూస్తారా?

గుణుపురం లెక్కల మాస్టారు

పర్లాకిమిడి బాబూ, నీ కోపం అర్థమైంది కానీ ఆ మెతుకు పోలిక ఇక్కడ పొసగదు. మెతుకు పట్టి చూడడమంటే ఒకదాన్ని చూసి మిగతావాటిని ఊహించడం. పూల్ టెస్ట్‌లో ఎవరినీ ఊహకి వదిలేయరు. ప్రతి ఒక్కరి శాంపిల్లోంచీ కొంత అందులో ఉంటుంది.

ఈ ఆలోచన కరోనాతో పుట్టింది కాదు. 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ అనే అమెరికా ఆర్థికవేత్త రాసిన చిన్న వ్యాసంలో ఉంది. సైన్యంలో చేరే కుర్రాళ్లకి సిఫిలిస్ ఉందో లేదో చూడాలి. లక్షల మందికి ఒక్కొక్కరికీ రక్తపరీక్ష అంటే తేలే పని కాదు. కొందరి రక్తం కలిపి చూద్దాం, అందులో జబ్బు జాడ లేకపోతే అందరూ బాగున్నట్టే, ఉంటేనే విడివిడిగా చూద్దాం అన్నాడు.

లెక్క చాలా సులువు, నేను తొమ్మిదో తరగతి పిల్లలకి సంభావ్యత చెప్పేటప్పుడు ఇదే చెబుతాను. 100 మంది ఉన్నారు, అయిదేసి మందిని కలిపితే 20 పూల్స్. వందమందిలో ఒక్కరికే జబ్బు ఉంటే ఒక్క పూల్ పాజిటివ్ వస్తుంది, ఆ అయిదుగురికీ మళ్లీ విడిగా చేస్తారు. మొత్తం 25 టెస్టులు. 75 మిగిలాయి. అదే పదిమందికి జబ్బు ఉండి, పదిమందీ పది వేరు వేరు పూల్స్‌లో పడ్డారనుకోండి. 20కి 50 కలిస్తే 70. ఇంకా పెరిగి నూటికి 27, 28 మందికి జబ్బు ఉన్నచోట మిగిలేది సున్నా. ఆ పైన నష్టమే. కాబట్టి జబ్బు అరుదుగా ఉన్నప్పుడే ఇది పనికొస్తుంది.

నాకు తెలిసింది ఈ లెక్క వరకే. ఒడ్డు తమ్ముడి ప్రశ్నకి జవాబు లెక్కలో లేదు, ల్యాబ్‌లో పనిచేసినవాళ్లు చెప్పాలి.

బరంపురం ల్యాబ్ అక్క

తమ్ముడూ, 2020 వేసవిలో శాంపిల్స్ కలిపినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఏ ల్యాబ్ అన్నది ఇక్కడ వద్దు. మీ ఊరి ట్యూబులు నా చేతి మీదుగానే వెళ్లాయేమో. రెండు రోజులుగా మీ పోస్టు మళ్లీ మళ్లీ చదువుతున్నాను.

ముందు పని ఎలా జరుగుతుందో చెప్పనివ్వండి. మీ ముక్కులో తిప్పిన పుల్ల కొస విరిచి ఒక ట్యూబులో వేస్తారు. అందులో గులాబీ రంగు ద్రవం ఉంటుంది, వీటీఎం అంటాం. ఆ ట్యూబు మీ ఒక్కరిదే. అందులోంచి కొంచెం, మిగతా నలుగురి ట్యూబుల్లోంచి అంతంతే కొంచెం తీసి వేరే చిన్న ట్యూబులో కలుపుతాం. అసలు ట్యూబులు అయిదూ ఫ్రిజ్‌లోకి వెళ్తాయి. కలిపినదాంట్లోంచి జన్యుపదార్థం (ఆర్‌ఎన్‌ఏ) తీసి పీసీఆర్ మెషీన్‌లో పెడతాం. నెగిటివ్ వస్తే అయిదుగురికీ నెగిటివ్ అని ఇస్తాం. పాజిటివ్ వస్తే ఫ్రిజ్‌లోని అయిదు ట్యూబులూ తీసి ఎవరిది వారికి విడిగా చేస్తాం. మీ పక్క గదివాళ్లకి ఒక రోజు ఆలస్యమైంది అందుకే. ఒకడికి వస్తే అయిదుగురికీ రాసేయడం అన్నది ఎక్కడా లేదు. అక్కడే ఉండిపోయిన ఆ ముగ్గురికీ విడిగా చేసిన టెస్టులో నెగిటివ్ వచ్చి ఉంటుంది. ఈ నాలుగు ముక్కలు ఎవరైనా ఆ బడి వరండాలో నిలబడి ఒడియాలో, తెలుగులో చెప్పి ఉంటే ఆ ముగ్గురి ముందుకి పళ్లెం అలా వచ్చేది కాదు. మేము ల్యాబ్‌లోనే ఉండిపోయాం, చెప్పడం మా పని అనుకోలేదు. మీరు రాసిన ఆ వాక్యం చదివాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

ఇక పలచబడడం గురించి. మీ మేనకోడలు చదివింది నిజం. హుమ్మా ఉప్పుమడి నీళ్లు ఒక గ్లాసు తీసుకుని నాలుగు గ్లాసుల మంచినీళ్లలో కలపండి, నోట్లో పోసుకోగానే ఉప్పు తెలుస్తుంది. చిటికెడు ఉప్పు వేసిన గ్లాసు కలిపితే తెలియదు. పీసీఆర్‌లో కూడా అంతే. ఒక్కో సైకిల్‌కి వైరస్ జన్యుముక్క రెట్టింపవుతూ పోతుంది. ఎన్నో సైకిల్లో మెషీన్‌కి కనబడిందో దాన్ని సీటీ విలువ అంటాం. వైరస్ ఎక్కువ ఉంటే త్వరగా కనబడుతుంది, అంకె చిన్నదిగా ఉంటుంది. అయిదు రెట్లు పలచన చేస్తే రెండుంపావు సైకిళ్లు పైచిలుకు ఆలస్యమవుతుంది. సీటీ 22 ఉన్న మనిషిది 24 దాటుతుంది, తప్పించుకోలేదు. 30 ఉంటే 32 పైన, అదీ దొరుకుతుంది. 34 దగ్గర ఉన్నది మాత్రం 36 దాటిపోతుంది. మేము 35 దగ్గర గీత పెట్టుకున్నాం, అది దాటితే నెగిటివ్ లెక్కే. అలాంటి మనిషి ఆ రోజు పూల్‌లో తప్పిపోతాడు, నేను కాదనను. 34 అంటే రెండు రకాలవాళ్లు. జబ్బు వచ్చి తగ్గిపోతున్నవాళ్లు, వాళ్ల నుంచి పెద్దగా అంటదు. రెండోరకం అప్పుడే మొదలవుతున్నవాళ్లు. భయమంతా వీళ్ల గురించే. ఎందుకంటే రెండు రోజులు ఆగితే వాళ్లలో వైరస్ వేల రెట్లు పెరగొచ్చు.

ఇంకో సంగతి ఉంది, దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు. పుల్ల సరిగ్గా పెట్టారో లేదో తెలియడానికి టెస్టులో మనిషి జన్యువు ఒకటి కూడా చూస్తాం, ఆర్‌ఎన్‌ఏస్ పి అని. విడిగా చేస్తే, పుల్ల మొక్కుబడిగా పెట్టి తీసేసినవాళ్లది అక్కడ బయటపడుతుంది, శాంపిల్ మళ్లీ పంపమంటాం. అయిదుగురివి కలిపినప్పుడు ఒకరిది సరిగ్గా తీయకపోయినా మిగతా నలుగురి జన్యువు ఉంటుంది కాబట్టి అంతా బాగున్నట్టే కనబడుతుంది. నా లెక్కలో పలచబడడం కన్నా ఇది పెద్ద లోపం. మే నెల ఎండలో పీపీఈ కిట్‌లో చెమటలు కారుతూ రోజుకి వందల మందికి పుల్ల పెట్టినవాళ్లని నేను తప్పు పట్టను. కానీ పూల్ చేయబోతున్నామంటే శాంపిల్ తీసే చెయ్యి ఇంకా గట్టిగా ఉండాలి. మేము వాళ్లకి ఆ మాట చెప్పలేదు.

ఎవరివి కలపొచ్చు అనేదానికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 ఏప్రిల్ 13న నియమాలు ఇచ్చింది. అయిదుకి మించి కలపకూడదు. పాజిటివ్ రేటు నూటికి రెండు లోపు ఉన్నచోట చేయొచ్చు. రెండు నుంచి అయిదు మధ్య ఉంటే లక్షణాలు లేనివాళ్ల సర్వేలకి మాత్రమే. అయిదు దాటితే చేయకూడదు. పాజిటివ్ వచ్చినవాళ్ల కాంటాక్టులవి, ఆరోగ్య సిబ్బందివి కలపకూడదు, విడిగానే చేయాలి. రైలు దిగి, లక్షణాలు లేకుండా ఉన్న మిమ్మల్ని 11వ తేదీన పూల్‌లో పెట్టడం నియమం ప్రకారమే జరిగింది. కానీ పక్క గదిలో ఇద్దరికి పాజిటివ్ వచ్చాక మీరు కాంటాక్టులు. ఒకే బోరింగు దగ్గర స్నానాలు, ఒకే వరండాలో భోజనాలు అయి ఉంటాయి. మీకు అయిదారు రోజుల తర్వాత విడిగా మళ్లీ టెస్ట్ చేయాల్సింది. చేయలేదంటున్నారు. ఇన్నాళ్లూ మీరు అనుమానించాల్సింది ఆ పూల్‌ని కాదు, ఆ తర్వాత జరగని టెస్టుని.

నేను ఇక్కడ గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మాస్టారు 75 టెస్టులు మిగిలాయన్నారు. ఆ మిగిలినవి ఎక్కడికి వెళ్లాయి? ఇంకో ఊరి కొత్త శాంపిల్స్‌కి వెళ్లాయి. అదీ అవసరమే. కానీ నూటికి ఒకరికి జబ్బు ఉన్న చోట, విడిగా ఒక్కసారి చేసే ఖర్చుతో పూల్‌లో అదే మనుషులకి నాలుగుసార్లు చేయొచ్చు. రైలు దిగిన ఆరో రోజున ఒకసారి, పన్నెండో రోజున ఒకసారి, గేటు దాటించే ముందు ఇంకోసారి. పలచన వల్ల ఒకసారి తప్పిపోయినవాడు రెండోసారి దొరికిపోతాడు. నా దృష్టిలో పూలింగ్ వల్ల అసలు లాభం అదే. అప్పుడు మా పైవాళ్లకి నేను ఈ మాట ఒకసారి చెప్పాను. వినలేదని ఊరుకున్నాను. ఇంకోసారి చెప్పాల్సింది.

జూలైలో మేము పూల్స్ ఆపేశాం. ఎప్పుడు ఆపాలో మెషీనే చెబుతుంది. ఇరవై పూల్స్ పెడితే ఒకటి పాజిటివ్ వస్తే జబ్బు సుమారు నూటికి ఒకరికి ఉన్నట్టు. రెండొస్తే నూటికి ఇద్దరికి. నాలుగైదు వచ్చాయంటే అయిదు శాతం దగ్గరికి చేరినట్టే. ఒక రోజు మాకు ఇరవైకి ఏడు వచ్చాయి, అంటే ఎనిమిది శాతం. లెక్క ప్రకారం ఆ రోజు కూడా టెస్టులు మిగిలినట్టే, 55తో వందమందివి తేలాయి. కానీ ఆ 35 ట్యూబుల కోసం రాత్రి ఫ్రిజ్‌లు వెతుకుతూ కూర్చున్నాం. శానిటైజర్ తడికి రెండింటి మీద రాసిన నంబర్లు చెరిగిపోయాయి. ఒకే పూల్‌లోని రెండు ట్యూబులు, ఏది ఎవరిదో తెలియలేదు. ఇద్దరి దగ్గరికీ మళ్లీ మనిషిని పంపి శాంపిల్ తెప్పించాం, రెండు రోజులు పట్టింది. వాళ్లలో ఒకరు నెలలు నిండిన గర్భిణి. ఆ రెండు రోజులూ ఆమెని ఏ వార్డులో పెట్టాలో ఎవరికీ తెలియలేదు. ఆ పూల్ కలిపింది నేనే.

మీకు ఒక ప్రశ్న. మే 26 నుంచి జూన్ 9 వరకు అమ్మ ఎక్కడెక్కడికి వెళ్లేవారు? గుర్తున్నంత వరకు తేదీలతో చెప్పండి. దాన్నిబట్టి రాస్తాను.

పర్లాకిమిడి తమ్ముడికి కూడా. పూల్ అంటే పేదల టెస్ట్ అనుకోవద్దు. బ్లడ్ బ్యాంకుల్లో న్యాట్ పరీక్ష అని ఉంటుంది, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి వైరస్‌ల కోసం. కొన్నిచోట్ల ఆరుగురు దాతలవి కలిపే చేస్తారు. పెద్ద ఆపరేషన్‌కి ఎక్కించే రక్తం కూడా అలా పరీక్షించినదే కావచ్చు. అమెరికాలో 2020 జూలైలో నలుగురివి కలిపి కరోనా టెస్ట్ చేయడానికి ఒక పెద్ద ల్యాబ్‌కి అనుమతి ఇచ్చారు. మీ కోపంలో న్యాయం లేదనను. ఎవరికి విడిగా చేయాలన్నది జేబుని బట్టి కాకుండా ప్రమాదాన్ని బట్టి ఉండాలి. అది అన్నిచోట్లా జరగలేదు.

సీడ్ పీసీఆర్ (గోపాల్‌పూర్)

అక్క రాసింది చదివాక నేనూ ఒక మాట చెప్పాలనిపించింది. నేను రొయ్య పిల్లల పీసీఆర్ చేస్తాను. తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో చూసి ఆ పిల్లల్ని, సీడ్ అంటాం, చెరువులోకి వదులుతారు. మా దగ్గర పూలింగ్ ఎప్పటి నుంచో ఉంది. ట్యాంకులోంచి 150 పిల్లల్ని తీసి కలిపి నూరి చేస్తాం. నూటికి రెండు పిల్లలకి వైరస్ ఉన్నా 95 శాతం నమ్మకంతో దొరుకుతుందన్న లెక్క మీద ఆ 150. నూరే ముందు కళ్లు తీసేయాలి, కళ్లలో ఉండేది పీసీఆర్‌ని పనిచేయనివ్వదు. చాలామంది ఓపిక లేక కళ్లతోనే నూరి నెగిటివ్ ఇచ్చేస్తారు, ఆ సీడ్ వేసిన రైతు నలభై రోజులకి మునిగిపోతాడు.

పూల్ పాజిటివ్ వస్తే మేము ఏ పిల్లకి ఉందని వెతకం. ట్యాంకు మొత్తం పారబోయిస్తాం. ఆ బడిలో పుట్టిన పుకారు సరిగ్గా ఇదే, అయిదుగురినీ ఒక ట్యాంకులా చూశారు. మనుషుల పరీక్షలో రెండో దశ ఉందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

బాహుదా ఒడ్డు

అక్కా, మీరు ఇంత ఓపిగ్గా రాసినందుకు దండాలు. తేదీలు మా అక్కని, వదినని అడిగి రాస్తున్నాను.

మే 26 నుంచి 31 వరకు అమ్మ ఎక్కడికీ వెళ్లలేదు. వేట నిషేధం ఉంది, బేరం లేదు. నాకు కంచం వసారా అరుగు మీద పెట్టి దూరంగా కూర్చునేది. మాట్లాడుతూ ఉండేది. ముఖానికి చీర కొంగు కట్టుకునేది. నేను అమ్మని తాకలేదు.

జూన్ 1 నుంచి వేటకి అనుమతి ఇచ్చారు. ఆ ఏడు నిషేధం తగ్గించారు కదా. పడవలు వెళ్లాయి. ఆ రోజు నుంచి అమ్మ రోజూ తెల్లవారుజామున ఒడ్డున చేపల వేలంపాటకి వెళ్లేది. రెండు నెలల తర్వాత చేపలొచ్చాయని చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం విరగబడి వచ్చారు. 3న, 4న తట్ట ఎత్తుకుని పక్క ఊళ్లలో తిరిగి అమ్మింది. 6న రేషన్ దగ్గర లైన్లో నిలబడింది. మా వదిన చెప్పింది, 10వ తేదీన పాటలో ఉండే ఇంకో ఇద్దరు ఆడవాళ్లకి కూడా జ్వరాలు వచ్చాయట. అందులో ఒకామె మా ఇంటివైపు ఎప్పుడూ రాలేదు. ఈ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు. నేను అమ్మ గురించి ఎవరితోనూ మాట్లాడలేదు, వాళ్లూ నాతో ఎత్తలేదు.

బరంపురం ల్యాబ్ అక్క

తమ్ముడూ, మీరు ఊరడించొద్దన్నారు, అందుకే తేదీలతోనే రాస్తాను.

ఈ వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు రావడానికి మామూలుగా అయిదారు రోజులు, ఎక్కువలో ఎక్కువ పద్నాలుగు. లక్షణాలు మొదలయ్యాక మామూలుగా ఆరోగ్యంగా ఉన్న మనిషి నుంచి ఇంకొకరికి అంటేది పది రోజుల వరకు. మీకు రైల్లో, అంటే మే 5 లోపు అంటుకుని ఉందనుకుందాం. 11న శాంపిల్ ఇచ్చేసరికి ఆరో రోజు. అది సాధారణంగా వైరస్ బాగా ఉండే సమయం, పూల్‌లో అయినా దొరకాల్సిన సమయం. ఒకవేళ దొరకలేదనే అనుకుందాం. మే 26కి మూడు వారాలు గడిచిపోయాయి. మీకు వచ్చి ఉంటే అప్పటికి తగ్గిపోయి ఉంటుంది. పద్నాలుగో రోజు దాకా ఆగి మొదలయ్యే అరుదైన లెక్క తీసుకున్నా, మే 29 దాటి మీ నుంచి అంటడం కష్టం.

రెండో దారి. పక్క గదివాళ్ల నుంచి మీకు 11 తర్వాత, 14వ తేదీకి ముందు అంటుకుని ఉండొచ్చు. అలా అయితే మే 20 ప్రాంతంలో మొదలై 30 వరకు మీ దగ్గర ఉండొచ్చు. ఇది అసాధ్యం అనను. కానీ అది నిజమైతే, 11న మీది విడిగా చేసినా నెగిటివే వచ్చేది. ఇంకా ఒంట్లోకి రాని వైరస్‌ని ఏ టెస్టూ పట్టలేదు. దానికి పూల్‌ని గానీ మిమ్మల్ని గానీ అనడానికి ఏమీ లేదు.

ఇప్పుడు అమ్మ వైపు నుంచి చూడండి. జ్వరం జూన్ 9న. అయిదారు రోజులు వెనక్కి లెక్కపెడితే జూన్ 3, 4. తట్ట ఎత్తుకుని ఊళ్లు తిరిగిన రోజులు. ఒడ్డున పాట మొదలై మూడో రోజు, నాలుగో రోజు. అదే పాటలో ఉన్న ఇంకో ఇద్దరికీ ఒక్క రోజు తేడాతో జ్వరం. నేను శాంపిల్స్ పట్టికలు చూసి చూసి నేర్చుకున్నది ఏమిటంటే, ఒకే తేదీల్లో ఒకేచోట తిరిగినవాళ్లకి వస్తే ముందు ఆ చోటునే అనుమానించాలి. అమ్మకి ఒడ్డున అంటుకుందని నేను ప్రమాణం చేయలేను. మీ నుంచి రావడం కన్నా అలా రావడానికే ఎక్కువ అవకాశం ఉందని మాత్రం ఈ తేదీలు చెబుతున్నాయి. ఇందులో నా జాలి ఏమీ కలపలేదు.

మేనకోడలికి చెప్పండి, పరీక్షలో పూల్ టెస్టింగ్ ప్రశ్న వస్తే పలచబడడంతో ఆపేయొద్దని. ఆర్‌ఎన్‌ఏస్ పి సంగతి రాయమనండి. ఒకే గదివాళ్లని, ఒకే ఇంటివాళ్లని ఒకే పూల్‌లో ఎందుకు పెట్టాలో కూడా రాయమనండి. జబ్బు ఇళ్లల్లో, గదుల్లో గుంపుగా వస్తుంది. ఇద్దరు పాజిటివ్‌లు ఒకే పూల్‌లో పడితే రెండు పూల్స్ చెడవు, పైగా వైరస్ అంత పలచబడదు. మీ పక్క గది ఇద్దరూ ఒకే పూల్‌లో దొరికింది అలాగే. ఆ రోజు వరండాలో గదుల వారీగా నిలబెట్టినాయన మంచి పని చేశాడు.

గుణుపురం లెక్కల మాస్టారు

అమ్మా, గుంపుగా వచ్చే సంగతి నా లెక్కలో లేదు. పదిమంది పది పూల్స్‌లో పడతారని నేను అనుకున్నది అన్నిటికన్నా చెడ్డ సందర్భం. ఆ పదిమందీ రెండు గదుల వాళ్లయితే 20కి 10 కలిపి 30 టెస్టులే. రేపటి క్లాసులో ఇది కలుపుతాను.

బాహుదా ఒడ్డు

అక్కా, రాత్రి మేనకోడలికి ఫోన్ చేసి మీరు రాసినదంతా చదివి వినిపించాను. ఆర్‌ఎన్‌ఏస్ పి దగ్గర ఆపి రెండుసార్లు చదివించుకుని రాసుకుంది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. అమ్మమ్మ పాటకి వెళ్లేటప్పుడు తనని కూడా తీసుకెళ్లేదని, జూన్ 2న తనూ వెళ్లిందని చెప్పింది. అప్పుడు దానికి పదమూడేళ్లు. దానికి జ్వరం రాలేదు, కానీ నాలుగు రోజులు వాసన తెలియలేదట. భయమేసి ఎవరికీ చెప్పలేదట.

ఆదివారం ఊరొస్తానంది. ఇద్దరం ఒడ్డుకి వెళ్తాం.